బాగున్న చెయ్యి

హైమావతి ఆ యంత్రానికి పెట్టిన పేరు కాకినాడలో ఎవరికీ నోరు తిరగలేదు. పేటెంటు కాగితాల్లో అది ‘నాడీవేదనా పరిమాపకం’. కోర్టు గుమాస్తాలు కొన్నాళ్ళు ఆ పేరుతో కుస్తీపట్టి, విసుగొచ్చి ‘నొప్పి కాటా’ అనేశారు. ఆవిడ కాస్త చిన్నబుచ్చుకుంది గానీ, ఆ పేరే జడ్జీల నోళ్ళకు కూడా ఎక్కాక ఊరుకుంది. నిజానికి అది చేసే పని కూడా కాటా పనే.

తలకొక పట్టీ, చేతికో కాలికో ఇంకొక పట్టీ. నరం మెదడుకు పంపే కబురును యంత్రం దారిలో విని, వందకు ఇంత అని అంకె చెబుతుంది. విన్నదాన్ని దాచిపెట్టి మరొకరికి వినిపిస్తుంది కూడా. రామయ్య చేతి నొప్పిని సోమయ్య తలకు పట్టీ కట్టి పంపితే, అది సోమయ్య చేతిలో ఉన్నట్టే తెలుస్తుంది. అది నడుస్తున్నంతసేపూ సోమయ్య సొంత చేతి కబురు లోపలికి రాదు. అయితే కొద్ది నిమిషాలకు మించి ఉంచకూడదు. ఉంచితే చెయ్యి తనది కాకుండా పోయి, మొద్దుబారి, మళ్ళీ మాట వినదు. అందుకే అది మందుగా పనికిరాలేదు, సాక్ష్యంగా మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది.

యాక్సిడెంటు కేసుల ట్రిబ్యునల్లో విరిగిన ఎముకకు ఎక్స్‌రే ఉంది, పోయిన జీతానికి చీటీ ఉంది. నొప్పికే ఏ సాక్ష్యమూ లేదు. ఏడవగలిగినవాడికి ఎక్కువ, ఏడవలేనివాడికి తక్కువ. ఒకసారి కోర్టు వరండాలో ఒక ప్లీడరు తన క్లయింటుకు కుంటడం నేర్పిస్తుంటే హైమావతి కళ్ళారా చూసింది. ఆ మనిషికి నిజంగానే కాలు విరిగింది, పాపం, కానీ జడ్జిగారు నమ్మేటట్టు కుంటడం చేతకాలేదు. ఇంటికొచ్చి ఆ రోజే పని మొదలుపెట్టింది. ఎవరూ నటించనక్కర్లేని రోజు తీసుకురావాలని ఆవిడ మనస్ఫూర్తిగానే అనుకుంది. ఆ మాట ఆవిడ తరఫున చెప్పి తీరాలి.

దారిలో ఒక చిక్కొచ్చింది. పరిహారం ఇచ్చేది ప్రమాదం తెచ్చిన నొప్పికే గానీ, అంతకుముందు నుంచీ ఉన్న వాతానికో వయసుకో కాదు. దీనికి హైమావతి తేలిక ఉపాయం కనిపెట్టింది. కుడిచెయ్యి నలిగితే ఎడమచేతిని సున్నా అనుకోవాలి. బాగున్న చేతిలో వినిపించినదాన్ని నలిగిన చేతిలో వినిపించినదాంట్లోంచి తీసేస్తే, మిగిలేదే ప్రమాదం పెట్టిన బాధ. కూరగాయలవాడు బుట్ట బరువు తీసేసి వంకాయలు తూచినట్టన్నమాట. ల్యాబులో తన మీదా, తన దగ్గర చదువుకునే పరిశోధకుల మీదా లెక్కలేనన్నిసార్లు చూసుకుంది. బాగున్న చెయ్యి ఎప్పుడు విన్నా నిశ్శబ్దమే.

ఊరూరా కేంద్రాలు వెలిశాక, కూలిపని వాళ్ళకు అంకె తక్కువ వస్తోందని తేలింది. దానికీ ఆవిడ దగ్గర జవాబుంది. కష్టజీవులకు ఓర్పు పుట్టుకతోనే ఎక్కువని, వాళ్ళ నరాలు గట్టివని హైదరాబాదులో ఒక సభలో చెబితే చప్పట్లు కొట్టారు. టీ తాగుతుండగా ఒక పెద్దమనిషి దగ్గరికొచ్చి, వాళ్ళ పనిమనిషి కాగే గిన్నెను ఒట్టిచేత్తో దించుతుందని మెచ్చుకోలుగా చెప్పాడు. మంచి ఉదాహరణ చెప్పారని హైమావతి ఆయనకు థాంక్స్ చెప్పింది. అసలు సంగతి తెలిశాక ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నేల చీలితే బాగుండుననిపించేది.

కిరీటి ఆవిడ తమ్ముడు. అమ్మా నాన్నా పోయాక వాణ్ణి పెంచింది తనే. ఉద్యోగం ఉంది, తెలివుంది, అక్కంటే ప్రాణం, అదుపొక్కటే లేదు. ఆ శనివారం సాయంత్రం స్నేహితుడికి పెళ్ళి కుదిరిన సంబరమని బీచి దగ్గర రిసార్టుకు బయలుదేరాడు. మోటార్‌సైకిల్ బయటికి తీస్తుంటే హైమావతే ఆపింది.

"తాగి దానిమీద వస్తే పడతావురా. కారు తీసుకెళ్ళు," అని తన కారు తాళాలు చేతిలో పెట్టింది.

తాగొద్దని చెప్పీ చెప్పీ నోరు పడిపోయిన అక్క, కనీసం కిందపడకుండా ఇంటికొస్తే చాలనుకుంది. కారు పడదు, ఎదుటివాళ్ళను పడేస్తుందన్న సంగతి అంత తెలివైన బుర్రకూ తట్టలేదు.

తెల్లవారుజామున రొయ్యల షెడ్డుకు ఆడవాళ్ళను తీసుకెళ్తున్న ఆటోను ఆ కారు వెనకనుంచి గుద్దింది. ఆటో పల్టీ కొట్టింది. మిగతావాళ్ళు గీరుకుపోయిన మోకాళ్ళతో బయటపడ్డారు గానీ, పాలెపు నూకరత్నం అనే ఆమె కుడిచెయ్యి ఆటో కమ్మీ కింద పడి నుజ్జయింది.

హైమావతి ఆసుపత్రికి పరుగెత్తింది. కిరీటి కనుబొమ మీద చిన్న గాటు పడింది. మచ్చ మిగలకుండా కుట్టే డాక్టరున్నాడా అన్నది ఆవిడ అడిగిన మొదటి మాట. వాడి నోటి వాసన కానిస్టేబులు దాకా పోకుండా ఇద్దరి మధ్యా నిలబడింది కూడా. పక్క స్ట్రెచర్ మీద చేతికి తువ్వాలు చుట్టుకుని ఒకామె కళ్ళు తెరుచుకుని పడుకుంది. ఏడవడం లేదు కాబట్టి ఆమెకు పెద్దగా ఏమీ కాలేదని హైమావతి అనుకుంది. నొప్పిని తూచే యంత్రం కనిపెట్టిన మనిషి ఏడుపును బట్టి అంచనా కట్టింది.

వాసన దాగింది గానీ రక్తపరీక్షలో దాగలేదు. పోలీసు కేసు ఒక దారిన పోయింది. పరిహారం కేసు ట్రిబ్యునలుకు వచ్చింది. లాయరు కామేశం ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ సంగతి వివరించాడు. బాధితురాలికి ముందు ఇన్సూరెన్సు కంపెనీ కట్టేస్తుంది. తాగేవాడని తెలిసీ బండి ఇచ్చారన్న కారణంతో ఆ తరవాత అదంతా కారు ఓనరు దగ్గర వసూలు చేసుకుంటుంది. కారు హైమావతి పేరున ఉంది. చేతి నొప్పికి అంకె ఎంత పెద్దదొస్తే అంతా ఈ ఇంటి మీద పడుతుందని చెప్పి, ఆయన ఇల్లంతా ఒకసారి కలయజూశాడు.

తన మీద తనే తీర్పు చెప్పుకోకూడదు కాబట్టి హైమావతి పక్కకు తప్పుకుంది. పరీక్ష రాజమండ్రి కేంద్రంలో జరిగింది. అంకె వందకు పదకొండు వచ్చింది.

కామేశం మురిసిపోయాడు. "మీ కాటాయే మిమ్మల్ని గట్టెక్కించిందండీ," అన్నాడు. కిరీటి అక్క భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడకూ గుండెల మీంచి బరువు దిగినట్టే అనిపించింది. ఆ పూట అన్నం కూడా రుచిగా తిన్నది.

కానీ ఆ అంకె ఉన్న కవరులోనే ఎక్స్‌రే కూడా ఉంది. హైమావతి దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని చూసింది. మణికట్టు నుంచి వేళ్ళ దాకా రోట్లో వేసి దంచినట్టుంది. కిందటేడు చీలమండ బెణికిన ఒక బ్యాంకు ఆఫీసరుకు ఇదే యంత్రం ఇరవై దాటి చెప్పింది. ఈ చేతికి పదకొండేమిటి? రాజమండ్రి కుర్రాడు పట్టీ సరిగ్గా కట్టలేదేమో అనుకుంది. ప్రతివాదికి సాక్ష్యాల నకళ్ళన్నీ ఇవ్వాలన్నది నియమం. నూకరత్నం చేతుల రికార్డు కూడా అలాగే ఆవిడ చేతికొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ల్యాబులో ఎవరూ లేరు. హైమావతి తలకు పట్టీ కట్టుకుని ముందు కుడిచేతి రికార్డు పెట్టింది. వెంటనే కేక వేసి మీట ఆపేసింది. కుర్చీలో వెనక్కి వాలి, తన చెయ్యి తనకే ఉందో లేదో తడుముకుంది. పట్టీ సరిగ్గానే కట్టారన్నమాట. మరి లెక్క ఎక్కడ తప్పింది? మిగిలింది ఎడమచెయ్యే. అది విని చేసేదేముంది, ఎప్పుడూ నిశ్శబ్దమే కదా అనుకుంటూనే, పద్ధతి ప్రకారం అదీ పెట్టింది.

మొదట ఏమీ తెలియలేదు. తరవాత వేళ్ళ కణుపుల్లో మొదలైంది. ఐసుముక్కను గుప్పిట్లో పట్టుకుంటే, ఇక లాభం లేదు వదిలేద్దాం అనిపించే ఘడియ ఒకటొస్తుంది. ఆ ఘడియ దగ్గర మొదలై అక్కడే నిలిచిపోయింది. వదిలేద్దామంటే చేతిలో ఐసు లేదు. గోళ్ళ కింద సూదులు, బొటనవేలి మొదట్లో ఒక సలుపు, మోచేతి దాకా లాగేసే తీపు. తగ్గదు, పెరగదు. కుడి ఎడమల తీగలు తారుమారయ్యాయేమోనని ఆవిడ రెండుసార్లు విప్పి చూసింది. తారుమారు కాలేదు.

రాజమండ్రి కుర్రాడికి ఫోను చేస్తే, పద్ధతి ప్రకారమే అడిగానన్నాడు. ఎడమచెయ్యి బాగుందా అని అడిగితే, బాగుందనే చెప్పిందట. ఏం పని చేస్తుందని అడిగావా అంటే, రొయ్యలు ఒలుస్తుందండీ, పెళ్ళయిన ఏడాది నుంచీ అదే పనట అన్నాడు. ఐసు నీళ్ళల్లో చేతులు పెట్టి, తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా.

హైమావతి పాత కేసుల బీరువా తెరిచింది. ఇటుకబట్టీలో కాలు విరిగినవాడి బాగున్న కాలు. వల లాగేవాడి బాగున్న భుజం. ఇస్త్రీ చేసే ముసలాయన బాగున్న మణికట్టు. ఒక్కొక్కటీ పెట్టుకుని విన్నది. బాగున్నదని రాసుకున్నదాంట్లో ఒక్కటీ నిశ్శబ్దంగా లేదు. ఓర్పూ కాదు, నరాల గట్టితనమూ కాదు. వాళ్ళ నొప్పిలోంచి వాళ్ళ నొప్పినే తీసేసి, మిగిలిన పిసరును చేతిలో పెట్టి ఇంటికి పంపింది తను. పైగా మీకు ఓర్పెక్కువని సర్టిఫికెట్టు ఇచ్చింది.

ఆ సిగ్గు మొదట ఒళ్ళంతా వేడిగా పాకింది. తరవాత అంతకంటే పెద్ద సిగ్గొకటి మెల్లగా తలెత్తింది. ఎందుకంటే, ఈ తప్పు సంగతి ఇంకెవరికీ తెలియదు కదా అన్న ఆలోచన ఆవిడకే వచ్చింది.

కిరీటికి చెబితే వాడు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందక్కా? వాళ్ళ లాయరుకే అనుమానం రాలేదు," అన్నాడు. ఇల్లు పోతుందన్నాడు, ల్యాబు మూతపడుతుందన్నాడు, పాత కేసులన్నీ మీదికొస్తాయన్నాడు. ఒక్కటీ అబద్ధం కాదు. "తాగింది నేను. నా తప్పుకు నేను శిక్ష పడతాను. నువ్వెందుకు అల్లరిపాలవడం?" అని చివరికి బతిమాలాడు. ఆ మాటల్లో ప్రేమెంతో స్వార్థమెంతో వాడికే తెలిసుండదు.

హైమావతి ఒక వాయిదా ఊరుకుంది. ఇంకో వాయిదాకు కూడా ఊరుకుంది. తీర్పొచ్చాక చెబుదామని ఒకసారి, యంత్రాన్ని చడీచప్పుడు లేకుండా సరిచేసి ఇకముందు వాళ్ళకైనా న్యాయం చేద్దామని ఇంకోసారి, తనకు తనే సర్దిచెప్పుకుంది. చదువుకున్నవాళ్ళకు సాకులకేం కొదవ? అద్దంలో తల దువ్వుకునేటప్పుడు మాత్రం పాపిట దాకానే చూసుకుని, కళ్ళ దాకా దిగేది కాదు.

మూడో వాయిదాకు నూకరత్నాన్ని సాక్షిబోనులోకి పిలిచారు. సన్నగా, పొడుగ్గా ఉంది. కుడిచేతిని కొంగులో చుట్టుకుంది. ఇన్సూరెన్సు లాయరు మర్యాదస్తుడే, గొంతు పెంచకుండానే అడిగాడు. ఆయనకు కావలసింది అంకెను ఆమె నోటితో ఒప్పించడం.

"ఎడమచెయ్యి బాగుంది కదమ్మా?"

"బానే ఉందండి."

"అందులో నొప్పేమీ లేదు?"

"పని సేత్తందండి," అంది.

యంత్రం చెప్పిన అంకె నీకు సమ్మతమేనా అని అడిగాడు. ఆమె లాయరు ఏదో అనబోయేలోపే ఆమె తలూపింది. "సదువుకున్నోళ్ళు సేసింది కదండీ. అదెందుకు అబద్ధం సెబుద్ది?"

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటే హైమావతి తట్టుకునేది. లేదు. నమ్మకమే ఉంది. వెనక బెంచీలో కూర్చున్న ఆవిడకు చెంపలు మండిపోయాయి. తను ఎప్పుడు లేచిందో తనకే తెలియలేదు. పక్కన కామేశం కూర్చోండి కూర్చోండి అని గొణుగుతున్నాడు.

"ఆ అంకె తప్పండీ," అంది హైమావతి. "ఆ యంత్రం చేసింది నేనే. ఆమె ఎడమచెయ్యి బాగాలేదు."

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. మీరు ఈ కేసులో రెండో ప్రతివాది, చెప్పేది మీకే ఎదురు తిరుగుతుంది, ముందు మీ లాయరుతో మాట్లాడుకోండి అని హెచ్చరించారు. హైమావతి అక్కర్లేదంది. ఐసు సంగతి, సున్నా సంగతి, పాత కేసుల సంగతి వరసగా చెప్పింది. తెలిసి రెండు వాయిదాలు నోరు మూసుకున్న సంగతి కూడా చెప్పింది. హాల్లో చాలామందికి ఏమీ అర్థం కాలేదు. నూకరత్నం మాత్రం తన ఎడమచేతిని తిప్పి చూసుకుంది, దానిమీద ఎవరో నేరం మోపినట్టు.

ఆ తరవాత కిరీటి చెప్పినవన్నీ జరిగాయి. కాటాలన్నీ సీలు వేశారు. పాత కేసుల వాళ్ళందరికీ నోటీసులు వెళ్ళాయి. నరాలు గట్టివన్న ఉపన్యాసాన్ని ఒక పత్రిక వెతికి, ఫోటోతో సహా వేసింది. ఇల్లు అమ్మకానికి పెట్టారు. కిరీటి అక్కతో మాట్లాడటం మానేశాడు. తాగడం మానాడా అంటే, ఇంట్లో తాగడం మానాడు.

నూకరత్నం చేతిని మళ్ళీ తూచాలని, దానికోసం ఒక్క కాటాకు సీలు తీయాలని ట్రిబ్యునలు ఆదేశించింది. ఈసారి సున్నాకు నిజంగా నొప్పిలేని చెయ్యి కావాలి. అదే ఈడు ఆడమనిషిది, ఎన్నడూ బరువూ చలీ ఎరగనిది. షెడ్డులో, ఆ చుట్టుపక్కల పేటల్లో వెతికారు. దొరకలేదు. చివరికి హైమావతి తన చెయ్యి ఇస్తానంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ఎవరి మొహమూ చూడలేదు. జడ్జిగారు ఒక షరతు పెట్టారు: ఏ సున్నాతో తూచబోతున్నారో ఆ సున్నా ముందు బాధితురాలికి తెలియాలి, ఆమె ఒప్పుకోవాలి.

పరీక్షకు రాజమండ్రి కుర్రాడే వచ్చాడు. కోర్టు తరఫున ఒక గుమాస్తా వచ్చి గోడవారగా కూర్చున్నాడు. పొద్దున్నే హైమావతి ఎడమచెయ్యి రికార్డు చేశారు. గోరింట పండిన మెత్తని చెయ్యి. తరవాత నూకరత్నాన్ని అదే కుర్చీలో కూర్చోబెట్టి తలకు పట్టీ కట్టారు. సున్నా ఎలా ఉంటుందో వినిపిస్తామని, తరవాత ఒప్పుకుంటే సరేనని చెప్పాలని కుర్రాడు వివరించి మీట నొక్కాడు.

నూకరత్నం ఎదురుచూస్తూ కూర్చుంది. కాసేపటికి కుర్రాడి వంక చూసింది.

"ఇంకా పెట్టలేదాండీ?"

"పెట్టానమ్మా. నడుస్తోంది."

ఆమె తన ఎడమచేతిని చూసుకుంది. వేళ్ళు ముడిచింది, చాపింది. మళ్ళీ ముడిచింది. చెయ్యి కొద్దిగా పైకెత్తి, బరువు చూస్తున్నట్టు ఆడించింది. బొటనవేలితో ఒక్కో వేలినీ తాకి చూసింది. ఎక్కడో ఉండాలి, ఎక్కడుందో కనిపించడం లేదన్నట్టుంది ఆ వెతుకులాట.

"ఏం లేదండీ ఇందులో," అంది మెల్లగా. తరవాత హైమావతి వైపు తిరిగింది. "సెయ్యంటే ఇలాగుంటాదాండీ? అందరికీనా?"

జవాబు చెప్పాల్సింది తనేనని హైమావతికి తెలుసు. "చాలామందికి," అంది. ఇన్నేళ్ళూ తనకు ఇలాంటి చెయ్యి ఉందని కూడా తెలియకుండా బతికింది తను. ఆ చేత్తోనే సంతకాలు పెట్టింది, చప్పట్లకు నమస్కారాలు పెట్టింది, కారు తాళాలు అందించింది.

గుమాస్తా గొంతు సవరించుకుని, ఈ సున్నా సమ్మతమేనా అని అడిగాడు. నూకరత్నం ఆయన మాట విననట్టే ఉంది. ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, నిద్రపోతున్న పసిబిడ్డను చూసినట్టు చూస్తోంది.

"ఇంకాసేపు ఉంచుతారాండీ," అంది.

నియమం ప్రకారం టైము అయిపోవచ్చింది. కుర్రాడు మీట మీద వేలు పెట్టి హైమావతి వైపు చూశాడు. కోర్టులో ఆమె ‘బానే ఉందండి’ అన్నది అబద్ధం కాదని, ఇంతవరకూ ఆమెకు తెలిసినంతలో ఆ చెయ్యి బాగానే ఉండేదని హైమావతికి అప్పుడు తట్టింది. పట్టీ తీశాక ఆ సలుపు మళ్ళీ వస్తుంది. ఈసారి అది నొప్పని ఆమెకు తెలిసిపోతుంది. రేపు ఐసులో చెయ్యి పెట్టినప్పుడూ తెలుస్తుంది, ఎల్లుండీ తెలుస్తుంది. దానికి ఏ ట్రిబ్యునలూ లేదు.

తీసెయ్యమని చెప్పాల్సింది హైమావతే. ఉంచితే ఆ మిగిలిన ఒక్క చెయ్యీ మొద్దుబారిపోతుందని తెలిసి కూడా, ఆవిడ ఇంకా చెప్పలేదు.